ఎడమ వైపు ఆవాల దిండు

రావమ్మ కోడలు జాకెట్లో ఎడమ పక్క ఏదో దాస్తోందట. ఈ మాట ముందుగా అన్నది పక్కింటి పున్నమ్మ. అన్నది కూడా తన గేదె చెవిలో అన్నంత మెల్లగానేనట. అయినా అది పాలకేంద్రం దగ్గరికి వెళ్లేసరికి బంగారమైంది. మిరపకాయల కల్లానికి చేరేసరికి తాయెత్తయింది. తిరిగి మా గడప తొక్కేసరికి ఎవరో చేయించిన చేతబడి అయి కూర్చుంది. "వంగినప్పుడు చూశానమ్మా, అటు పక్క కదలనే కదలదు" అని పున్నమ్మ ఒట్టేసి మరీ చెప్పిందట.

కదలకపోవటం నిజమే. నేను ఒక ఆవాల దిండును. పిన్నీసుతో గుచ్చి పెట్టిన దిండు ఎక్కడికి కదులుతుంది?

నా పుట్టుక చెప్పాలంటే రావమ్మతో మొదలుపెట్టాలి. ఇప్పుడామెకు చూపు మందగించింది గానీ, నన్ను కుట్టిన రోజుల్లో ఆమె చేతి సూదికి ఊళ్లో పేరుండేది. కొడుకు వీరాంజనేయులుకి తొలిచూలు ఆడపిల్ల పుట్టిందనగానే, కాలం చేసిన మొగుడి ఆకుపచ్చంచు పంచె ఒకటి పెట్టెలోంచి తీసింది. బాగా మెత్తబడ్డ చోటు చూసి చింపి, రెండు పొరలు వేసి చిన్న సంచీ కుట్టింది. చేను గట్టు మీద తానే చల్లి, తానే కోసి, తానే చెరిగిన ఆవాలు అందులో పోసింది. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు మీదే పడుకోబెట్టాలని మా వైపు నమ్మకం. తల ఎటు తిరిగితే అటు గింజలు జరిగి చోటిస్తాయి. అంత ఓపిక మనుషుల్లో లేదు కాబట్టి ఆ పని ఆవాలకు అప్పజెప్పారని నేననుకుంటాను.

అట్లా హారిక తల నా మీద గుండ్రమైంది. ఆ తర్వాత దాని తమ్ముడి తలా అయింది. బిడ్డ బిడ్డకూ పాత ఆవాలు తీసేసి కొత్తవి పోయటం రావమ్మ పెట్టిన ఆచారం. పాతవాటితో దిష్టి తీసి నిప్పుల్లో వేస్తుంది. చిటపటలాడితే దిష్టి పోయినట్టట. ఆవాలు నిప్పుల్లో పడితే చిటపటలాడక జోలపాట పాడతాయా? కానీ ఆ మాట ఆమెతో అనేదెవరు!

తలలు గుండ్రంగా చేసి ఇచ్చాను. లోపల ఎవరేం పోసుకున్నారన్నది నా పూచీ కాదు. పని తీరాక నన్ను ట్రంకుపెట్టె అడుగున, పెళ్లి చీరల కింద పెట్టారు. మనుషుల మర్యాద అది. అక్కర తీరినదాన్ని పారెయ్యరు, మంచి చోట పెట్టి మరిచిపోతారు.

ఆ మరుపులోంచి నన్ను బయటికి తీసింది కోడలు కోటేశ్వరి. అప్పటికి ఆమెకు ఎడమ రొమ్ము లేదు.

కుంకుడు గింజంత గడ్డ తగిలినప్పుడు మిరపకోతలు జోరు మీదున్నాయి. కోతలయ్యాక చూద్దామనుకుంది. కోతలయ్యాక కల్లం, కల్లమయ్యాక తొడిమలు తీసే పని. అన్నీ అయ్యేసరికి కుంకుడు గింజ నిమ్మకాయయింది. పట్నం ఆస్పత్రిలో రొమ్ము తీసేశారు, సెలైన్లలో మందు ఎక్కించారు. జడ ఊడి, మళ్లీ కురచగా రింగులు తిరిగి మొలిచింది. చూడటానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ బ్రెడ్డు పొట్లాలే. తినలేక మా గేదెకు పెడితే, కొన్నాళ్లకు అదీ బ్రెడ్డు కనపడగానే మొహం తిప్పుకునేది.

ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలని ఆస్పత్రి వాళ్లు ఒక తెల్ల బిళ్ల రాశారు. ఆ బిళ్లకు మా ఇంట్లో జరిగిన మర్యాద దేవుడి తీర్థానికి కూడా జరగలేదు. పొద్దున్నే వీరాంజనేయులు ఒక చేత్తో నీళ్ల చెంబు, ఒక అరచేతిలో బిళ్ల పెట్టుకుని పెళ్లాం ముందు నిలబడతాడు. ఆమె మింగేదాకా అక్కణ్నించి కదలడు. పున్నమ్మ గోడ మీది నుంచి తల పెట్టి "బిళ్లేసుకున్నావా కోటేశ్వరీ?" అని కేకేస్తుంది. ఆ మనుషులకు ప్రేమ లేదని నేననను. ఉంది. కాకపోతే కంటికి కనపడిన పుండు మీదే ఉంది.

జాకెట్లో పెట్టుకోమని ఆస్పత్రి వాళ్లు స్పాంజిది ఒకటి ఇచ్చారు. మిరప చేలో ఎండకు దాని కింద చెమట నిలిచి కుట్లు భగ్గుమనేవి. పైగా బరువు లేని సరుకు, వంగి లేచేసరికి మెడ దాకా ఎగబాకేది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకుండా చూసి కోటేశ్వరి ట్రంకుపెట్టె తెరిచింది. నన్నొక చేతిలో, మిగిలిన రొమ్మునొక చేతిలో పెట్టుకుని, సంతలో దోసకాయలు చూసినట్టు బరువు చూసింది. నేను ఎక్కువ తూగాను. గుప్పెడు ఆవాలు తీసేసింది. మళ్లీ చూసుకుంది. అంచులు లోపలికి మడిచి గుండ్రంగా కుట్టింది. బిడ్డల తలకింద పడి ఉండాల్సినదాన్ని, అట్లా తల్లి గుండె మీదికి వచ్చాను.

ఇంట్లో ఎవరూ నా సంగతి అడగలేదు. ఆమెకు ఒక పక్క లేదని అందరికీ తెలుసు. మళ్లీ రెండు పక్కలా సమంగా ఎట్లా కనపడుతోందని ఒక్కరూ అనుకోలేదు. పైకి సమంగా ఉంటే చాలు, మనుషులు లోపలి సంగతి అడగరు.

తలలు మోసినదాన్ని, నాకు వినటం బాగా వచ్చు. పసివాళ్ల ఊపిరి విన్న దిండుకు పెద్దామె గుండె వినపడదా? పొద్దస్తమానం విన్నాను. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, జాకెట్టుతో పాటు నేనూ తడిసి ముద్దయ్యేదాన్ని. అది బిళ్ల గుణం, దానికి ఆమె ఏమీ అనుకోలేదు. అసలు గోల వేరే. పొయ్యి మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ నిలబడేది. కళ్లాపి చల్లటానికి వెళ్లి బకెట్టు పట్టుకునే కూర్చుండిపోయేది. తొడిమలు తీసే ఆడవాళ్లలో ఒకప్పుడు ఈమె మాటే ముందుండేది, ఈమె వేసే ఎకసెక్కాలకు కల్లం కల్లమంతా ఘొల్లుమనేది. ఇప్పుడు పక్కవాళ్లు నవ్వితే, ఆ నవ్వు అయిపోయాక తలెత్తి చూసేది.

"ఎట్టా ఉందే?" అని ఎవరన్నా అడిగితే "తగ్గింది గదా పిన్నీ, బానే ఉంది" అనేది. తగ్గిన మాట నిజం. బాగుండటం వేరే సంగతి.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పురుగుమందులు పెట్టే కొట్టంలోకి వెళ్లింది. గోనెపట్టాల కోసం వెళ్లింది. పట్టాలు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆమె వాటిని దాటుకుని లోపలి గోడ దాకా వెళ్లి నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఆ వేళ ఆ గుండె కొట్టుకున్న తీరు నాకు నచ్చలేదు. భయంతో దడదడలాడితే సంతోషించేదాన్ని. అది భయపడటం లేదు. రావలసిన బస్సు ఎట్లాగూ వస్తుందిలే అని అరుగు మీద కూర్చున్న మనిషిలా తీరిగ్గా కొట్టుకుంటోంది. ఇంతలో కుడితి వేళ దాటిందని బయట గేదె అరిచింది. ఒకసారి కాదు, ఊరుకోకుండా అరిచింది. కోటేశ్వరి వెనక్కి తిరిగి వచ్చి కుడితి కలిపింది. తానేం చేసిందో ఆ గేదెకు తెలియదు. తెలిసిన నాకు నోరు లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆస్పత్రికి వెళ్లే వాయిదా వచ్చింది. వీరాంజనేయులు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల డాక్టరమ్మ పరీక్ష చెయ్యటానికి జాకెట్టు తియ్యమంది. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంటమ్మా?"

"ఆవాల దిండండి. మా పిల్లలది."

"నువ్వే కుట్టుకున్నావా?"

"ఆఁ అండి."

"బరువు సరిపోయిందా?"

అన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. ఆపరేషను బల్ల ఎక్కేటప్పుడు కూడా కన్నీరు పెట్టని కోటేశ్వరి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరమ్మ నన్ను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. తర్వాత అడిగింది.

"ఎందుకొచ్చిన బతుకని అనిపిస్తోందా?"

"ఏదీ అనిపించట్లేదండి. అన్నం ఎందుకా అనిపిస్తది, నీళ్లు పోసుకోవటం ఎందుకా అనిపిస్తది. మా ఆయన రోజూ బిళ్ల పట్టుకుని నుంచుంటే, పాపం ఈ మనిషికి ఇంత శ్రమెందుకా అనిపిస్తది. మొన్న మందుల కొట్టంలోకి..." అని ఆగిపోయింది.

డాక్టరమ్మకు ఆ సగం మాట చాలింది. "ఇదీ జబ్బేనమ్మా. నీ చేతకానితనం కాదు, నీ తప్పూ కాదు. ఈ కాన్సరు వచ్చినవాళ్లలో చాలామందికి వస్తుంది. దీనికీ బిళ్లుంది. మూడు నాలుగు వారాల దాకా గుణం కనపడదు, అయినా మానొద్దు. నీ కాన్సరు బిళ్లకు అడ్డం రానిది చూసి రాస్తున్నా. కాబట్టి ఊళ్లో ఎవరన్నా మారుస్తామంటే ఒప్పుకోకు. ముఖ్యంగా, ఉన్నపళంగా ఆపెయ్యకు. మీ ఆయన్ను లోపలికి పిలిచి చెప్పనా?"

"వద్దండి. ఇంటికెళ్లాక నేనే చెప్తా" అంది కోటేశ్వరి.

చెప్పలేదు. ఆమె మేనత్త ఒకావిడ వెనకటికి ఇట్లాగే తిండీ మాటా మానేస్తే, గాలి సోకిందని గుడి దగ్గర స్తంభానికి గొలుసేసి కట్టారట. ఇప్పుడా మేనత్త పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పిచ్చిది అంటేనే గుర్తుపడతారు. కాన్సరు అంటే అయ్యో అని బ్రెడ్డు తెచ్చే ఊరు, మనసుకు బిళ్ల అంటే పిల్లల్ని లోపలికి పిలుచుకుంటుంది. అందుకని కోటేశ్వరి నా కుట్టు ఒకచోట విప్పి, బిళ్లల అట్టను చిన్న ముక్కలుగా కత్తిరించి ఆవాల మధ్య పెట్టింది. రొమ్ము తీసేసిన చోటికి ఎవరి చెయ్యీ రాదని ఆమెకు తెలుసు. మొగుడి చెయ్యి కూడా అటు రావటం మానేసింది.

పెరట్లో నిలబడి జాకెట్లో చెయ్యి పెట్టి ఆ బిళ్ల తీసుకోవటమే పున్నమ్మ కంట పడింది.

మొదట్లో కడుపులో తిప్పింది, నోరెండింది. వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే అనిపించింది. ఎట్లాగో మింగుతూ పోయింది. తర్వాత ఒక పొద్దున తాడు తెంపుకుని బంతి మొక్కలన్నీ మేసిన గేదెను పట్టుకుని, దాని అమ్మనూ అమ్మమ్మనూ కలిపి తిట్టింది. ఎన్నాళ్లకో విన్న తిట్టు! లోపల గుండె వేడిగా, కోపంగా, బతికున్న మనిషి గుండెలాగా కొట్టుకుంది. నాకైతే మంగళవాద్యాలు విన్నట్టుంది. ఆ వారంలోనే గోంగూర పచ్చడిలో ఉప్పు చాలలేదని అత్తతో తగువు పడింది. కల్లంలో ఎవరిదో మొగుడి మీద ఎకసెక్కం వేసింది. దిగులు పూర్తిగా పోలేదు. దిగులు పక్కనే కూర్చుని ఉన్నా, ఆమె తన పని తాను చేసుకోగలిగింది. అంత చాలు.

అట్లా ఒక ఏడాది గడిచింది. హారిక పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఇల్లంతా సందడి. ఆ సందడిలో రావమ్మ ట్రంకుపెట్టె దగ్గర చతికిలబడి, చీరలన్నీ బయట పోసి వెతుకుతోంది.

"ఆవాల దిండు యాడ పెట్టావే కోటేశ్వరీ? పిల్లదాని తల అప్పుడే ఒక పక్కకి పోతంది."

"ఏమో అత్తా. ఎలకలు కొట్టేశాయేమో. కొత్తది కుట్టుకుందాం."

"కొత్తదా? మీ మావ పంచె అది! కొత్త పంచె కట్టుకుని మళ్లీ వస్తాడా ఆయన?"

ఆ ఎడమ పక్కనే, మాట అబద్ధమైనప్పుడు గుండె ఎట్లా తడబడుతుందో నేను విన్నాను.

నన్ను వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, పెరటి నిమ్మచెట్టు వెనక ఎవరికీ కనపడకుండా ఆరేసేది. ఆ రోజూ ఆరేసి స్నానానికి వెళ్లింది. చారులోకి నిమ్మకాయ కోసం వచ్చిన రావమ్మకు నేను దొరికాను. చూపు మందగించినా, తన కుట్టు వేళ్లకు తెలుస్తుంది గదా. ఆకుపచ్చంచు తడిమింది. సంచీగా కుట్టినది గుండ్రంగా ఎందుకుందో ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నన్ను రెండు చేతుల్లో పట్టుకుని స్నానాల గది వైపు చూసింది. నన్ను మళ్లీ కొమ్మ మీద పెట్టబోయింది కూడా. అంతలో లోపల పసిది ఏడ్చింది. పుట్టిన బిడ్డ ముందు ముసలి బుద్ధి ఎప్పుడూ ఓడిపోతుంది. కొత్త ఆవాలు పోద్దామని చాట పెట్టుకుని కుట్టు విప్పింది. ఆవాలతో పాటు బిళ్లలు రాలాయి.

అంతే, ఆర్‌ఎంపీ డాక్టరు శౌరయ్యకు కబురు వెళ్లింది. శౌరయ్య మంచివాడు. ఏ వేళ పిలిచినా వస్తాడు, ఇంజెక్షను నొప్పి తెలియకుండా వేస్తాడు. ఒక్కటే లోపం, తెలియని బిళ్లను తెలియదని అనలేడు. కత్తిరించిన అట్టల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి, పేరు కూడబలుక్కుని, గొంతు తగ్గించాడు.

"ఇది మతి చెడినోళ్లకిచ్చేది రావమ్మత్తా. అలవాటైతే వదలదు. పసిబిడ్డ ఉన్న ఇల్లు, జాగర్త."

తడి జుట్టుతో కోటేశ్వరి బయటికి వచ్చేసరికి నేను చాటలో, చీల్చిన పొట్టతో పడి ఉన్నాను. వీరాంజనేయులు అడిగింది ఒకటే ప్రశ్న.

"కాన్సరంటే దేవుడిచ్చాడు, పడ్డాం. ఇదేంటే? నేను నీకేం తక్కువ చేశా?"

పెళ్లాం దిగులుపడితే అది తన మీద వేసిన నింద అనుకున్నాడు ఆ పిచ్చి మారాజు. ఆమె ఏం చెప్పినా అది నింద మీద నిందే అవుతుంది. "పట్నం డాక్టరమ్మ రాసింది, ఆపొద్దంది" అని మాత్రం అన్నది. "ఆమెకేం, రాస్తది. కాపరం చేసేది మనం గదా" అంటూ రావమ్మ ఆ బిళ్లలన్నీ ఏరి, మూటగట్టి, బొడ్లో దోపుకుంది. తక్కిన ఆవాలతో దిష్టి తీసి నిప్పుల్లో పోసింది. ఏడాది పాటు ఆమె చెమట తాగిన ఆవాలవి.

నాకు కొత్త ఆవాలు పోశారు. పసిదాని తలకింద పెట్టారు. ఊళ్లో చెప్పుకోవాలంటే నాకు పూర్వవైభవం వచ్చింది. కానీ ఆ రోజు నుంచి కోటేశ్వరి గుండె నాకు వినపడలేదు. వచ్చి పోయే అడుగులు వినపడేవి. ఆ అడుగులు రోజురోజుకీ ఈడ్చుకుపోయేవి. ఉన్నపళంగా మందు ఆగిపోయేసరికి, తల తిప్పితే కరెంటు తీగ తగిలినట్టుందని గోడ పట్టుకుని నిలబడేది. జాకెట్లో పాత చీర పేలిక కుక్కుకునేది. అది కిందికి జారేది. సర్దుకోవటం కూడా మానేసింది. పిల్లదాన్ని ఎత్తుకోబోతే హారిక మెల్లగా చెయ్యి అడ్డం పెట్టేది. "వద్దులేమ్మా, నీ ఎడమ చెయ్యి వాచింది గదా, బరువు మొయ్యకూడదు." ఆపరేషను తర్వాత ఆ చెయ్యి వాచి ఏడాది దాటింది. అన్నాళ్లూ ఆ చేత్తోనే నీళ్లు తోడింది, వంట చేసింది. కోటేశ్వరి పసిదాని పాదం మీద ఒక వేలు ఆనించి, తీసేసుకుని వెళ్లిపోయేది.

ఒక పొద్దున పసిదానికి నలుగు పెట్టి స్నానం పోసి, సాంబ్రాణి పొగ వేసి వసారాలో పడుకోబెట్టారు. బిడ్డ బొడ్డు చూడటానికి శౌరయ్య వచ్చి కూర్చున్నాడు. ఎప్పటిలాగే వీరాంజనేయులు చెంబూ బిళ్లా పట్టుకుని పెళ్లాం ముందు నిలబడ్డాడు. బిళ్ల ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నోట్లో వేసుకోలేదు.

"మింగు."

"మింగను."

"ఏందీ?"

"మింగనంటున్నా."

వసారా అంతా కదిలింది. "ఇదేం మాయరోగమే తల్లీ! అది మానితే మళ్లీ తిరగబెడతదని అంత పెద్ద డాక్టర్లు మొత్తుకోలా? మనవరాలి అచ్చటా ముచ్చటా చూడవా?" అని రావమ్మ నెత్తి కొట్టుకుంది. "అక్కా, దీనితో పంతాలొద్దు. ఆ బిళ్లే నీకు ప్రాణం" అన్నాడు శౌరయ్య. హారిక ఏడుస్తూ, "నాకోసం వేసుకోవే అమ్మా" అంది. వీరాంజనేయులు చెంబు ఆమె నోటి దగ్గరికి తోస్తే నీళ్లు ఒలికి, నా మీదా పడ్డాయి.

"చచ్చిపోతావే కోటీ" అన్నాడు. ఆ ముద్దు పేరు ఆ ఇంట్లో నేను విన్నది అదే మొదలు.

కోటేశ్వరి అరచేతిలోని తెల్ల బిళ్లను చూసింది. తర్వాత అత్త నడుము వైపు చూసింది.

"బతికే బిళ్ల నా చేతిలో పెట్టి, బతకాలనిపించే బిళ్ల నీ బొడ్లో దాచుకున్నావు గదత్తా. అది లేకుండా ఇది మింగి నేనేం చేసుకోను?"